ఒక కొయ్య, అనేక పనులు: ఆస్ట్రేలియా ఆదివాసుల నిత్యోపకరణాలు

ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారి చేతుల మీదుగా యాభై డాలర్ల నోటు తరచు దాటిపోతూనే ఉంటుంది. 1995 నుంచి ఆ నోటు మీద కనిపిస్తున్న వ్యక్తి డేవిడ్ యునైపన్ (1872–1967). దక్షిణ ఆస్ట్రేలియాలోని నరింజెరి జాతికి చెందిన ఆదివాసి రచయిత, ఆవిష్కర్త. గుండ్రటి కదలికను నేరు కదలికగా మార్చి గొర్రెల ఉన్ని కత్తిరించే పరికరాన్ని మెరుగుపరచే పద్ధతికి 1909లో ఆయన తాత్కాలిక పేటెంటు తీసుకున్నాడు. బూమరాంగ్ గాలిలో తిరిగే తీరును ఆధారం చేసుకుని, నిలువుగా పైకి లేచే విమానం సాధ్యమేనని 1914 నాటికే చెప్పాడు. తన తాతముత్తాతలు వాడిన కొయ్యముక్కలో ఒక యంత్రసూత్రం ఉందని ఆయన గుర్తించాడు.

ఆ కొయ్యముక్కలను చూసే తీరు మాత్రం ఇప్పటికీ పెద్దగా మారలేదు. విమానాశ్రయాల దుకాణాల్లో రంగురంగుల చుక్కలతో వేలాడే బూమరాంగ్‌ను చూసినవారు దాన్ని ఆటవస్తువనుకుంటారు. మ్యూజియంలో అద్దం వెనక ఉన్నదాన్ని చూసినవారు ఆయుధమనుకుంటారు. నిజానికి అవి వంటింటి సామాను, పొలం పనిముట్లు, ఊయలలు, అగ్గిపెట్టెలు. ఒక్కొక్కటీ ఏయే పనులకు వచ్చేదో, ఎందుకు ఆ ఆకారంలో ఉందో పరిశీలిస్తే వాటి వెనక ఉన్న ఆలోచన అర్థమవుతుంది.

మోయగలిగినంతే సామాను

ఆస్ట్రేలియా మధ్యభాగమంతా ఎండు నేల. వాన ఎప్పుడు పడుతుందో, ఏ గుంటలో నీళ్లు నిలుస్తాయో ముందుగా చెప్పలేని చోటు. అక్కడి పితిజంజర, యంకునిజంజర తదితర ఎడారి జాతులు నీటినీ ఆహారాన్నీ అనుసరించి తమ భూమిలో ఒక చోటినుంచి మరొక చోటికి నడిచేవారు. భారం మోసే పశువులు లేవు, బండ్లు లేవు. కుటుంబానికున్న సమస్త సామగ్రీ మనుషులే మోయాలి. అందువల్ల ప్రతి వస్తువూ ఒకటికి మించిన పనులకు రావాలి, లేదా వెళ్లిన చోట మళ్లీ చేసుకోగలిగినదై ఉండాలి. బరువైన తిరగలి రాళ్లను మోయకుండా విడిది చేసే చోటే వదిలి వెళ్లి, తిరిగి వచ్చినప్పుడు వాడుకునేవారు. చేతిలో మిగిలేవి కొద్దిపాటి కొయ్య సామాన్లే.

పితిజంజర భాషలో చెట్టుకూ కొయ్యకూ కొయ్యతో చెక్కిన వస్తువుకూ ఒకటే మాట: పును. ఆ కొయ్యల్లో ప్రధానమైనది ముల్గా అనే తుమ్మజాతి చెట్టుది. అది నీటిలో మునిగేటంత బరువు, గొడ్డలికి లొంగనంత గట్టి. ఆయుధాలకు, తవ్వుకోలలకు అదే తగినది. పాత్రలకు ఏటి ఒడ్డున పెరిగే ఎర్ర యూకలిప్టస్ కొయ్యను, ఇంకా తేలికైన కొయ్యలను ఎంచుకునేవారు. కొండపల్లిలో బొమ్మకు తెల్ల పొణికినీ, ఏటికొప్పాకలో తరిణె మీద తిప్పడానికి అంకుడు కర్రనూ, బొబ్బిలిలో వీణకు పనసనూ ఎంచుకున్న వివేకం ఇక్కడా కనిపిస్తుంది. ఏ పనికి ఏ చెట్టు అన్నది తరతరాల పరిశీలనతో తేలిన విషయం.

కూలమన్: చేట, బిందె, ఊయల

ఆదివాసి స్త్రీల చేతిలో నిత్యం ఉండే పాత్ర కూలమన్. ఈ పేరు న్యూ సౌత్ వేల్స్‌లోని గమిలరాయి భాషనుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఎడారి భాషల్లో దీని పేర్లు వేరు. పితిజంజర వారు పెద్దదాన్ని పితి అంటారు, తవ్వడానికి పనికొచ్చే చిన్నదాన్ని విర అంటారు. చూడటానికి పొడుగాటి దోనెలా, రెండు కొనలూ కాస్త పైకి లేచి ఉంటుంది. చెట్టు కాండం మీద వంపు తిరిగిన చోటునో, బుడిపె ఉన్న చోటునో ఎంచుకుని, ఆ పై పొరను మందంగా ఊడదీసి, లోపల తొలుస్తారు. చెట్టుకున్న వంపే పాత్రకు వంపవుతుంది. కొయ్య నారలు పాత్ర ఆకారం వెంటే సాగుతాయి కాబట్టి అది పలచగా ఉన్నా తేలికగా చీలదు.

లోతైన కూలమన్‌లో నీళ్లు మోసేవారు. నడకలో తొణకకుండా నీటి మీద ఆకురెమ్మలు వేసేవారు. తల మీద పెట్టుకోవడానికి జుట్టుతోనో, జంతువుల వెంట్రుకలతోనో పేనిన చుట్ట ఉండేది. పితిజంజరలో దాని పేరు మంగురి. మన పల్లెల్లో నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు అది దూరపు చుట్టం అనుకోవచ్చు. అదే కూలమన్‌లో దుంపలు, పళ్లు, గింజలు ఇంటికి చేరేవి. అందులోనే మెత్తటి బెరడు పరిచి పసిబిడ్డను పడుకోబెట్టి, చంకన ఆనించుకుని నడిచేవారు. నేడు అధికారిక సభల ఆరంభంలో జరిగే ధూపం కార్యక్రమంలో యూకలిప్టస్ ఆకుల నిప్పును పట్టుకొచ్చేదీ ఈ పాత్రలోనే.

అయితే కూలమన్‌కు అసలైన పరీక్ష గింజల దగ్గర వస్తుంది. ఎడారి గడ్డిగింజలు ఆవగింజకన్నా చిన్నవి. పొట్టూ ఇసుకా కలిసిన రాశినుంచి వాటిని విడదీయాలి. స్త్రీలు పల్లపు కూలమన్‌ను రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతూ, మధ్యమధ్య ఒక పక్కకు వంచుతూ కదిలిస్తారు. బరువైన రేణువులు ఒక వైపు, తేలికవి మరొక వైపు చేరతాయి. ఈ పనిని ఆస్ట్రేలియా ఇంగ్లీషులో యాండీ చేయడం అంటారు. తెలుగు స్త్రీలకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. గాలికి పొట్టు ఎగరగొట్టడం చెరగడం. బరువుల తేడాను ఆసరా చేసుకుని రాళ్లనూ మెరికలనూ విడదీయడం నేమడం. యాండీ ఈ రెండింటిలోనూ నేమడానికే దగ్గర. చేట వెదురుది, కూలమన్ కొయ్యది. మణికట్టు పనితనం ఒకటే.

చేట మీద నిలబడిన సమ్మె

ఈ పనితనమే ఇరవయ్యో శతాబ్దంలో ఒక పోరాటానికి అన్నం పెట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో విస్తారమైన పశుక్షేత్రాలన్నీ ఆదివాసుల శ్రమ మీదే నడిచేవి. జీతం నామమాత్రం, చాలాచోట్ల పిండి, టీ, పంచదార, బట్టలే కూలి. అనుమతి లేకుండా పని వదిలిపోయే హక్కు కూడా లేదు. 1942లో అనేక భాషల పెద్దలు కలుసుకుని సమ్మె చేయాలని తీర్మానించారు. యుద్ధం ముగిసేదాకా ఆగి, 1946 మే 1న సుమారు 800 మంది పని మానేశారు. డూలీ బిన్ బిన్, క్లాన్సీ మెకెన్నా అనే ఆదివాసి నాయకులూ, డాన్ మెక్లియడ్ అనే తెల్ల గని అన్వేషకుడూ దాన్ని నడిపించారు. రాత రాని కూలీలకు తేదీ తెలియడానికి రోజులు గీసిన క్యాలెండర్లను బిన్ బిన్ క్షేత్రక్షేత్రానికీ చేరవేశాడు. నాయకులను జైల్లో పెట్టారు. సమ్మె 1949 దాకా సాగింది.

మూడేళ్లు జీతం లేకుండా అంతమంది ఎలా బతికారన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కొందరు వేట మీద బతికారు, కొందరు తోళ్లు అమ్మారు. తక్కినవారికి, ముఖ్యంగా స్త్రీలకు, యాండీ ఉంది. పిల్బరా నేలలో తగరపు ఖనిజం, టాంటలైట్ వంటి విలువైన లోహ ఖనిజాలు ఇసుకలో కలిసి పైపైనే దొరుకుతాయి. అవి ఇసుకకన్నా ఎన్నో రెట్లు బరువు. నీళ్లుంటే కడిగి విడదీయవచ్చు. అక్కడ నీళ్లు లేవు. నీరు అక్కర్లేకుండా బరువును బట్టి విడదీసే సాధనం, గడ్డిగింజలను నేమిన ఆ దోనెపాత్ర, వారి చేతిలో ఉంది. కొయ్య పాత్రలతోనూ, ఆ తర్వాత అదే ఆకారంలో వంచిన రేకు పాత్రలతోనూ వారు ఖనిజాన్ని వేరుచేసి అమ్మారు. ఆ రాబడి సమ్మెకు ఊపిరి పోసింది. 1951లో వారే ఒక గనుల కంపెనీ పెట్టుకున్నారు. తరువాతి కాలంలో కొన్ని పశుక్షేత్రాలను కొనుక్కుని, ఒకప్పుడు కూలీలుగా ఉన్న చోట యజమానులయ్యారు.

ఊమెరా: ఒక కర్రలో అయిదు పనిముట్లు

స్త్రీల చేతిలో కూలమన్ ఎలాగో, ఎడారి పురుషుల చేతిలో ఈటె విసిరే కర్ర అలాగ. సిడ్నీ ప్రాంతపు దారుగ్ భాషలో దాని పేరు ఊమెరా, పితిజంజరలో మీరు. సుమారు చేతి పొడుగు. ఒక కొసన చిన్న కొక్కెం. ఈటె వెనక కొసనున్న గుంటలో ఆ కొక్కేన్ని ఇరికించి, కర్ర రెండో కొసను పట్టుకుని విసురుతారు. దీనివల్ల మనిషి చెయ్యి ఆ మేరకు పొడుగైనట్టవుతుంది. మణికట్టు తిరిగే వేగం అదే అయినా, దూరంగా ఉన్న కొస ఎక్కువ వేగంతో కదులుతుంది కాబట్టి ఈటె వట్టి చేత్తో విసిరినదానికన్నా వేగంగా, దూరంగా పోతుంది.

అంతటితో ఆగితే అది మంచి ఆయుధం మాత్రమే. పశ్చిమ ఎడారిలో దీన్ని ఆకులా వెడల్పుగా, లోపలికి పల్లంగా చెక్కుతారు. ఆ పల్లం రంగుమట్టి కలుపుకోవడానికీ, పొగాకువంటి ఆకును బూడిదతో మెదుపుకోవడానికీ పళ్లెమవుతుంది. పట్టుకునే కొసన పదునైన రాతి పలకను అతికిస్తారు. దాన్ని తిప్పి పట్టుకుంటే వడ్రంగి బాడిస. దానితోనే మరొక కొయ్య సామాను చెక్కుకోవచ్చు, వేటను కోసుకోవచ్చు. గట్టి ముల్గా అంచును, చీలిన ఎండుకొయ్య పగులులో రంపంలా వేగంగా లాగితే రాపిడికి నిప్పు పుడుతుంది. పగులులో కూరిన ఎండు పేడా గడ్డీ అంటుకుంటాయి. ఆయుధం, పళ్లెం, బాడిస, కత్తి, అగ్గిపెట్టె, అన్నీ ఒకే కర్ర.

రాయినీ కొక్కేన్నీ పట్టి ఉంచే బంకది మరో కథ. స్పినిఫెక్స్ అనే ముళ్లగడ్డిని దులిపి, రాలిన పొడిని వేడిచేస్తే నల్లటి ముద్దవుతుంది. వేడిగా ఉన్నంతసేపు మెత్తగా సాగుతుంది, చల్లారితే రాయిలా బిగుస్తుంది. రాయి అరిగితే మళ్లీ నిప్పు చూపి మెత్తబరచి మార్చుకోవచ్చు. ఏటికొప్పాక కళాకారులు తరిణె మీద తిరుగుతున్న కొయ్యకు లక్క కర్రను ఆనించి, రాపిడి వేడితో కరిగించి రంగు పూసేది ఈ ధర్మంతోనే. ఒకచోట గడ్డి ఇచ్చిన బంక, మరొకచోట పురుగు ఇచ్చిన లక్క.

1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు దక్షిణ ఆస్ట్రేలియాలో రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని స్థాపించినప్పుడు దానికి ఊమెరా అని పేరు పెట్టాయి. దూరానికి విసిరే సాధనం కాబట్టి పేరు అతికింది. ఆస్ట్రేలియా తొలి ఉపగ్రహం రెశాట్ 1967 నవంబరు 29న అక్కడినుంచే పైకి వెళ్లింది. అయితే రాకెట్లు ఎగిరిన దారి కింద ఉన్నది ఖాళీ భూమి కాదు. ఆ కర్రను ఇంకా వాడుతూ బతుకుతున్న ఎడారి ఆదివాసుల నేల అది. పేరు తీసుకున్నవారు ఆ పేరుగల పరికరాన్ని వాడేవారి అనుమతి అడగలేదు.

బూమరాంగ్: తిరిగి రావడం, రాకపోవడం

దక్షిణ ఆస్ట్రేలియాలోని మిలిసెంట్ దగ్గర వైరీ చిత్తడినేలలో 1973లో జరిగిన తవ్వకాల్లో సుమారు పదివేల ఏళ్లనాటి బూమరాంగులు, ఈటెలు, తవ్వుకోల బయటపడ్డాయి. కొయ్య మామూలు నేలలో కుళ్లిపోతుంది. నీట నానిన మొక్కల మట్టిలో ప్రాణవాయువు అందక నిలిచింది. పురావస్తు శాస్త్రానికి రాతి పనిముట్లు ఎక్కువగా, కొయ్య పనిముట్లు తక్కువగా దొరకడానికి కారణం ఇదే. దొరకనంత మాత్రాన లేవనుకోరాదు.

బూమరాంగులన్నీ విసిరినవాడి దగ్గరికి తిరిగి రావు. చాలావాటిని తిరిగి రాకూడదనే చేస్తారు. వేటకు వాడేవి బరువుగా, పొడుగ్గా ఉండి, తిన్నగా పోయి జంతువును కొడతాయి. తిరిగి వచ్చే రకం తేలికైనది. ఆటకూ, పక్షులను బెదిరించి వలలోకి తోలడానికీ వాడేవారు. తమిళనాడు మరవలు, కళ్లర్లు వాడిన వలరి, గుజరాత్ కోలీలు వాడిన వంపుకర్ర, ఈజిప్టు రాజు టూటంకామన్ సమాధిలో దొరికిన విసురుకర్రలు చూస్తే, వంపు తిరిగిన కర్రను విసరడం ఒక్క ఆస్ట్రేలియాకే పరిమితం కాదని తెలుస్తుంది.

తిరిగి రావడం వెనక ఉన్న కారణం ఇది. బూమరాంగ్ రెక్కలు పైవైపు ఉబ్బెత్తుగా, కిందివైపు చదునుగా, విమానం రెక్కలా ఉంటాయి. దాన్ని దాదాపు నిలువుగా పట్టుకుని గిరగిర తిరిగేలా విసురుతారు. పైన ఉన్న రెక్క ముందుకు తిరుగుతుంది కాబట్టి దానికి గాలి వేగం ఎక్కువ తగులుతుంది; కింది రెక్క వెనక్కి తిరుగుతుంది కాబట్టి తక్కువ. అందువల్ల పై భాగం మీద తోపుడు ఎక్కువై దాన్ని పక్కకు పడదోయాలి. కానీ తిరుగుతున్న వస్తువు మీద అలాంటి బలం పనిచేస్తే, ఫలితం నాలుగో వంతు చుట్టు తర్వాత కనిపిస్తుంది. తిరిగే బొంగరం ఒరిగినా పడిపోకుండా చుట్టూ ఊగుతుందే, అదే న్యాయం. బూమరాంగ్ పడిపోవడానికి బదులు తన దారిని మళ్లించుకుంటూ, వలయం తిరిగి వెనక్కి వస్తుంది. ముందుకు పోయే హెలికాప్టర్‌లో కూడా ఒక వైపు రెక్కలకు గాలి ఎక్కువ, మరో వైపు తక్కువ. యునైపన్ ఊహ ఆకాశం నుంచి ఊడిపడినది కాదు.

తయారీలో రహస్యం చెట్టు దగ్గరే ఉంది. వేరు కాండంతో కలిసే చోటునో, కొమ్మ చీలే చోటునో సహజంగా వంగిన ముక్కను ఎంచుకుంటారు. నార వంపు వెంట సాగుతుంది కాబట్టి నేలకు తగిలినా విరగదు. చదునైన పలకనుంచి వంపుగా కోసిన ముక్క అడ్డనార దగ్గర విరుగుతుంది. వేట ముగిశాక రెండు బూమరాంగులను తట్టి తాళం వేస్తారు. అవసరమైతే నిప్పులు ఎగదోస్తారు, గుంట తవ్వుతారు.

మిగిలే చెట్టు, తొలిచే పురుగు

కూలమన్‌కో, డాలుకో, పడవకో పై పొరను తీసుకున్నాక చెట్టును నరికెయ్యరు. కాండం చుట్టూతా కాకుండా ఒక్కవైపే తీస్తారు కాబట్టి చెట్టు బతుకుతుంది. గాయం అంచులు ఏటేటా ముందుకు పెరిగి మందపాటి పెదవుల్లా ముడుచుకుంటాయి. ఇలాంటి మచ్చల చెట్లు ఆగ్నేయ ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా మరీ నది పరిసరాల్లో, ఇప్పటికీ కనిపిస్తాయి. విక్టోరియాలో 2006 నాటి ఆదివాసి వారసత్వ చట్టం వీటిని కాపాడుతుంది. మెల్‌బోర్న్ ఉద్యానవనాల్లో నడిచే తెలుగువారు కాండం మీద పొడుగాటి కోలగాయం ఉన్న ముసలి యూకలిప్టస్‌ను చూస్తే, అది ఒకప్పటి పాత్రకో పడవకో గుర్తు కావచ్చు.

ఉత్తరాన ఆర్న్‌హెమ్ భూభాగంలో యోల్ంగు జాతివారు యిడాకి అనే ఊదే వాద్యాన్ని చేస్తారు. లోకం దాన్ని డిజెరిడూ అంటుంది. దానికి తొలిచే పని మనిషిది కాదు, చెదపురుగులది. అవి బతికున్న యూకలిప్టస్ లోపలి చేవను తినేసి, బయటి పొరను వదిలేస్తాయి. తయారుచేసేవారు కాండాన్ని తట్టి, ధ్వనిని బట్టి లోపల ఎంత బోలుగా ఉందో కనిపెడతారు.

ఇదే ఆస్ట్రేలియా, బయటినుంచి వచ్చే కొయ్యలోని పురుగు విషయంలో ఏమాత్రం ఉపేక్షించదు. 2015 నాటి జీవభద్రతా చట్టం ప్రకారం కొయ్య వస్తువులను ప్రయాణికుల పత్రంలో తప్పక చూపించాలి. కొండపల్లి ఎడ్లబండి, ఏటికొప్పాక లక్కపిడతలు, కవ్వం, పీట, దేవుడి మందిరం ఏదైనా సరే. బెరడు, మట్టి, పురుగు చిల్లులు, రాలే పొడి లేకపోతే పరీక్ష చేసి ఇచ్చేస్తారు. ఉంటే పొగవేయడమో, కిరణాలతో శుద్ధి చేయడమో, వెనక్కి పంపడమో, నాశనం చేయడమో జరుగుతుంది. చూపించి పరీక్షకు నిలిచినవారికి శిక్ష ఉండదు, దాచినవారికే జరిమానా.

ఎవరు చేసినది?

సరిహద్దు దాటి వచ్చే మరో రకం కొయ్యది వేరే సమస్య. 2022లో ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆదివాసి శైలి జ్ఞాపికల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి బాగా పైబడి నకిలీ వస్తువులకే పోతోంది. ఇండొనేషియాలో చేయించిన బూమరాంగులు, డిజెరిడూల వంటి 18,000కు పైగా వస్తువులను ఆదివాసుల చేతిపనిగా భ్రమింపజేసి అమ్మిన ఒక టోకు సంస్థకు ఫెడరల్ కోర్టు 2019లో 23 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆ వస్తువు ఎక్కడైనా తయారు కావచ్చునని చెప్పడం నేరం కాదు. ఆదివాసులు చేశారని నమ్మించడమే నేరమైంది. అసలు అనుకరణను ఆపే చట్టం అప్పటికి లేదు. 2023 జనవరిలో ప్రకటించిన జాతీయ సాంస్కృతిక విధానంలో అలాంటి చట్టం తెస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది.

కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. ఏటికొప్పాకకు అది 2017లో వచ్చింది. ఆ పేరుతో మరోచోట చేసిన సరుకు అమ్మడం చట్టవిరుద్ధం. యంత్రం మీద వేలకొద్దీ తయారైన బొమ్మ పక్కన చేత్తో చెక్కిన బొమ్మ ఎందుకు ఖరీదో తెలిసిన తెలుగువారికి, ఆదివాసి చెక్కిన కూలమన్ ధర వింతగా అనిపించనక్కర్లేదు. ఉలూరు దగ్గర అనంగు ప్రజలే యజమానులుగా 1984లో ఏర్పడిన మారుకు సంస్థ, ఎడారి పల్లెల కళాకారులు చెక్కి, కాల్చిన తీగతో గీతలు దిద్దిన వస్తువులను అమ్ముతుంది. కొనేవారు అడగాల్సిన ప్రశ్నలు కొద్దివే: చేసినది ఎవరు, ఏ ఊరు, ఏ కొయ్య, డబ్బు ఎవరికి చేరుతుంది. నిజమైన సరుకు అమ్మేవారి దగ్గర వీటికి జవాబులు ఉంటాయి.

2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, తల్లుల ఒళ్లోంచి ప్రభుత్వం బలవంతంగా తీసుకుపోయిన ఆదివాసి పిల్లల తరాలకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అలా చిన్ననాటే కుటుంబానికి దూరమైన లొరెయిన్ పీటర్స్ ఆ రోజు ఆయనకు ఒక కానుక అందించారు. అది బాల్గో కళాకారిణి బాయి బాయి నపంగార్తి గాజుతో చేసిన కూలమన్. గింజలు నేమిన, నీళ్లు మోసిన ఆ ఆకారంలోనే తల్లులు బిడ్డలను మోసేవారు. ఆ పాత్ర ఇప్పుడు కాన్‌బెరా పార్లమెంటు భవనంలో ఉంది.